గుండ్రటి సాలిటైర్ వజ్రం: కట్‌కి డబ్బు పెట్టాలా, ఈఎఫ్-వీవీఎస్ రంగు, క్లారిటీకి పెట్టాలా?

కృష్ణాతీరం:
మా చెల్లి నిశ్చితార్థానికి సాలిటైర్ ఉంగరం, అంటే ఒకే వజ్రం పొదిగినది, చేయించాలి. రెండు రాళ్లు చూశాం. రెండింటికీ జీఐఏ (వజ్రాలను పరీక్షించి గ్రేడ్ ఇచ్చే సంస్థ) రిపోర్టు ఉంది.
మొదటిది 0.90 క్యారెట్, జీ రంగు, క్లారిటీ (లోపలి మచ్చల లెక్క) వీఎస్2, కట్ (కోత) ఎక్సలెంట్. టేబుల్ (పైన చదునైన ముఖం) 56%, లోతు 61.8%, క్రౌన్ (పై భాగం వాలు) 34.5 డిగ్రీలు, పెవిలియన్ (కింది భాగం వాలు) 40.8, వ్యాసం 6.20 మిల్లీమీటర్లు.
రెండోది 1.01 క్యారెట్, ఎఫ్ రంగు, వీవీఎస్2, కట్ వెరీ గుడ్. టేబుల్ 57%, లోతు 64%, క్రౌన్ 36.5, పెవిలియన్ 41.4, వ్యాసం 6.28.
రంగు, క్లారిటీ రెండోదానివి మెరుగు, కట్ మొదటిదానిది మెరుగు. రెండోదాని ధర మొదటిదానికి ఒకటిన్నర రెట్లు పైనే. ఇంట్లో పెద్దవాళ్లు రెండోదే తీసుకోమంటున్నారు. మీరేమంటారు?

పాత బంగారం:
పెద్దవాళ్ల మాట వినండి. మన వైపు కమ్మలకైనా ముక్కుపుడకకైనా ఈఎఫ్-వీవీఎస్ (రంగు ఈ లేదా ఎఫ్, క్లారిటీ వీవీఎస్) తప్ప వేరేది కొనరు. ఊరికే పెట్టుకున్న పట్టింపు కాదది. రేపు మార్చుకోవాలంటే ఏ షాపువాడైనా ముందు అడిగేది రంగు, క్లారిటీ. ఇంకో మాట, వంద సెంట్లు, అంటే ఒక క్యారెట్, దాటిన రాయికి ఉన్న గౌరవం తొంభై సెంట్లకు ఉండదు. నిశ్చితార్థం రోజు పదిమంది అడుగుతారు, ‘క్యారెట్’ అని చెప్పుకోవడంలో ఉన్న తృప్తి వేరు.

రాళ్ల లెక్క:
పాత బంగారం గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ రెండు రాళ్ల విషయంలో మీతో ఏకీభవించలేను. పైన ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది.

క్యారెట్ అంటే బరువు, 200 మిల్లీగ్రాములు. సైజు కాదు. చక్కగా కోసిన 1.01 క్యారెట్ గుండ్రటి రాయి సుమారు 6.45 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది 6.28 దగ్గరే ఆగింది. మిగతా బరువంతా లోతులో ఉంది, అంటే ఉంగరం లోపల. వేలి మీద చూస్తే 0.90 రాయికీ దీనికీ తేడా 0.08 మిల్లీమీటర్లు. అది ఏ కంటికీ అందదు. ఒకటిన్నర రెట్లు డబ్బు కట్టి కనబడని బరువు కొంటారా?

సైజు సంగతి పక్కన పెట్టినా వెలుగు సంగతి ఉంది. పై నుంచి లోపలికి వెళ్లిన వెలుతురు కింది వాలు మీద రెండుసార్లు తగిలి, తిరిగి పైకి రావాలి. ఆ కింది భాగమే పెవిలియన్. దాని వాలు మరీ ఎక్కువైతే వెలుతురు కిందనుంచి జారిపోతుంది, రాయి మధ్యలో నల్లబడినట్టు ఉంటుంది. వాలు మరీ తక్కువైతే టేబుల్ లోపల చేపకన్ను లాంటి తెల్లటి వలయం కనిపిస్తుంది. మార్సెల్ టొల్కోవ్‌స్కీ 1919లోనే లెక్కకట్టి క్రౌన్ 34.5, పెవిలియన్ 40.75 అని చెప్పాడు. ఈరోజుకీ జనం వెతికేది దాని చుట్టుపక్కలే. క్రౌన్ కాస్త ఎక్కువ వాలుగా ఉంటే పెవిలియన్ కాస్త తగ్గాలి, అప్పుడు సర్దుకుంటుంది. రెండో రాయిలో రెండూ ఎక్కువే. అది వీవీఎస్ అయినా, లోపల మచ్చే లేని ఐఎఫ్ అయినా మెరుపు కారిపోవడం ఆగదు.

ఇక రంగు, క్లారిటీ. జీ, ఎఫ్ రాళ్లను తలకిందులుగా పెట్టి తెల్ల కాగితం మీద పక్కపక్కన చూస్తే అలవాటైన కన్ను పోల్చగలదేమో. పసుపు బంగారంలో పొదిగాక మామూలుగా ఎవరూ చెప్పలేరు. వీవీఎస్‌కీ వీఎస్‌కీ తేడా పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌లో వెతుక్కోవాల్సిందే.

మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పే కోహినూరు సంగతే చూడండి. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే మెరుపు లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ కోయించారు. దాదాపు 190 క్యారెట్ల రాయి 105.6కి వచ్చింది. అలా కోయడం మన చరిత్రకు అన్యాయమన్న బాధ నాకూ ఉంది. అయినా బరువు వేరు, వెలుగు వేరు అని ఆ రాయే చూపించింది.

సూరత్‌లో మనవాడు:
పాలిషింగ్ యూనిట్లలో పని చూస్తున్నాను కాబట్టి ఒక మాట. ముడిరాయి మీద ప్లాన్ వేసేటప్పుడు 0.95 దగ్గర మంచి కోణాలు వస్తాయని తెలిసినా, లోతు పెంచి 1.00 దాటించడం బాగా జరుగుతుంది. 0.99కీ 1.00కీ క్యారెట్ రేటే మారిపోతుంది మరి. కోసేవాడికి కట్ చేయడం రాక కాదు, బరువుకి డబ్బు వస్తుంది కాబట్టి. 1.00 నుంచి 1.03 మధ్య ఉన్న రాళ్లకు వ్యాసం తప్పకుండా చూసుకోండి. అదే కారణంతో 0.90 కంటే 0.88 రాయి ఇంకా చౌకగా దొరకవచ్చు, అడిగి చూడండి.

పాత బంగారం:
కోణాల గురించి మీరు చెప్పింది కాదనను. కానీ నా ప్రశ్న డబ్బు గురించి. పెద్ద షాపులో కొంటే రేపు ఎక్స్‌చేంజ్ ఉంటుంది, బైబ్యాక్ (షాపే తిరిగి కొనడం) ఉంటుంది. విడిగా రాయి కొని కంసాలి దగ్గర చేయిస్తే, అవసరం వచ్చినప్పుడు ఎవరు తీసుకుంటారు? వజ్రం బంగారం కాదు, పొద్దున పేపర్లో రేటు రాదు.

ఫ్రిస్కో నుంచి:
ఇక్కడ అమెరికాలో మా స్నేహితుల్లో చాలామంది ల్యాబ్‌లో తయారైన వజ్రాలే కొంటున్నారు. అదే కట్, ధర చాలా తక్కువ. ఈ టెన్షన్ అంతా ఎందుకు?

రాళ్ల లెక్క:
ఫ్రిస్కో గారూ, ల్యాబ్‌దీ వజ్రమే, అందులో తప్పు లేదు. కాకపోతే దాని రేటు ఏటేటా పడుతూనే వచ్చింది, తిరిగి అమ్ముదామన్న ఆశ పెట్టుకోకూడదు. 2025 చివరి నుంచి జీఐఏ వాటికి పాత రంగు, క్లారిటీ గ్రేడ్లు కూడా ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అని రెండే తరగతులు పెట్టింది. పెళ్లికూతురికి ఇష్టమైతే హాయిగా కొనండి. కట్ లెక్క మాత్రం దానికీ ఇదే.

పాత బంగారం గారూ, మీ బైబ్యాక్ మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఆ హామీ బిల్లు మీద రాసి ఉండాలి: ఎంత శాతం, ఏ ధర మీద, కొన్నరోజు ధరా లేక ఆరోజు ధరా, డబ్బు ఇస్తారా లేక సరుకే ఇస్తారా. నోటిమాట మీద ఒకటిన్నర రెట్లు కట్టడం నాకు ఒప్పుదల కాదు. హాల్‌మార్క్ ఉందిగా అని కూడా ధీమా పడొద్దు, అది బంగారం స్వచ్ఛతకే, రాయికి కాదు. బంగారం తూకంలోంచి రాయి బరువు తీశారో లేదో కూడా చూసుకోవాలి.

కృష్ణాతీరం గారూ, ఎక్సలెంట్ అన్న మాట ఒక్కటే చూసి ఆగకండి. జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్లకు కట్ గ్రేడ్ ఇస్తోంది కానీ ఆ ఎక్సలెంట్ పరిధి చాలా విశాలం. నేనైతే క్రౌన్ 34 నుంచి 35, పెవిలియన్ 40.6 నుంచి 41 మధ్య ఉన్నవే చూస్తాను. మీ మొదటి రాయి అందులోకి వస్తుంది. రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరు రిపోర్టుతో కలుస్తుందో లేదో లూప్‌లో చూపించమనండి, రిపోర్టు నంబరు జీఐఏ సైట్‌లో కొట్టి చూడండి. తర్వాత రెండు రాళ్లూ షాపు స్పాట్‌లైట్ల కింద నుంచి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లండి. ఆ లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది.

కృష్ణాతీరం:
శనివారం అమ్మనీ చెల్లినీ తీసుకెళ్లి రెండూ కిటికీ దగ్గర పెట్టి చూపిస్తాను, ధర చెప్పకుండా. బైబ్యాక్ షరతులు రాసివ్వమని ఇవాళే ఫోన్ చేశాను, మేనేజర్‌ని అడిగి చెబుతామన్నారు.

పాత బంగారం:
మంచిది. ఒక సందేహం తీర్చండి, రాళ్ల లెక్క గారూ. మా కోడలికి ఏడు రాళ్ల కమ్మలు చేయిస్తున్నాం. అంత చిన్న రవ్వలకు ఒక్కో రాయికి రిపోర్టు ఉండదు కదా, కోణాలు ఎక్కడ చూడాలి?

రాళ్ల లెక్క:
చూడలేమండి, జతకంతా కలిపి ఒకే కార్డు ఇస్తారు. కాబట్టి పొదగకముందే పద్నాలుగు రాళ్లూ ట్రేలో పోయించి, మామూలు వెలుతురులో చూడండి. మధ్యలో నల్లగా, నిద్రపోయినట్టు ఉన్న రాళ్లు పక్కవాటి మధ్య వెంటనే బయటపడతాయి, వాటిని మార్చమనండి. వ్యాసం కొలిచి చూపించమనండి, చుట్టూ ఉండే ఆరు రాళ్లూ ఒకే కొలతలో ఉండాలి. రంగు విషయంలో ఇక్కడ మాత్రం మీ మాటే నాదీ. కమ్మలో రాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఒక్కటి పసుపు తిరిగినా తెలిసిపోతుంది.