ఎంత కండ పెరిగినా సన్నగానే ఉన్నానంటాడు, ఏం చేయాలి?

విజయవాడలో ట్రైనర్‌ని. మా జిమ్‌లో ఓ కుర్రాడు, 22 ఏళ్లు. చేతులు 16 అంగుళాలు దాటాయి. అయినా రోజూ "అన్నా, బక్కగా కనిపిస్తున్నా కదూ?" అంటాడు. మే నెలలోనూ హుడీ తీయడు. సొంత అక్క పెళ్లిలో డబ్బాలో తెచ్చుకున్న ఉడికించిన చికెన్ తిన్నాడట. ఇన్నాళ్లూ మిగతావాళ్లకు వాణ్ణే చూపించి "ఇలా ఉండాలి" అన్నాను. తప్పు చేశానా?

జవాబు (సైకియాట్రీ పీజీ): మజిల్ డిస్మార్ఫియా కావచ్చు, అంటే కండ ఎంతున్నా చాలలేదనిపించే మానసిక సమస్య. 2013 నాటి డీఎస్ఎమ్-5లో (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) ఇది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (ఒంట్లో లేని లోపం ఉందని మథనపడే జబ్బు) కిందికే వస్తుంది. "బాగానే ఉన్నావురా" అంటే ఆ ధైర్యం గంట కూడా నిలవదు. సైకియాట్రిస్టుకు చూపించండి, సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స) చేస్తారు, కొందరికి ఎస్ఎస్ఆర్ఐ మందులు (డిప్రెషన్‌కీ వాడేవి) ఇస్తారు. స్టెరాయిడ్ల సంగతి మెల్లగా అడగండి.

జవాబు (మరో ట్రైనర్): మనకిది జబ్బులా కనపడదు గురూ, డిసిప్లిన్‌లా కనపడుతుంది. జ్వరంతో వచ్చినవాడికి నేనూ చప్పట్లు కొట్టించా.

అడిగినవారు: నిన్న అడిగాను. ఏమీ అనలేదు. హుడీ జిప్పు గడ్డం దాకా లాక్కున్నాడు.