రంగూన్‌లో సూలే పగోడా నుంచి శ్వేడగాన్ దాకా నడిచి వెళ్ళొచ్చా? అమ్మతో

వాల్తేరు_చిన్నోడు:
నమస్తే అందరికీ. ఆఫీసు పని మీద వచ్చే నెల బర్మాలోని రంగూన్ వెళ్తున్నాను, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు కదా. నాలుగు రోజులు, అందులో ఆదివారం ఒక్కటే ఖాళీ. విషయం చెప్పగానే అమ్మ తనూ వస్తానని పట్టుపట్టింది, ఎందుకంటే మా అమ్మమ్మ పుట్టింది అక్కడే. మా ఇంట్లో ఎవరూ రంగూన్ అనరు, రంగం అనే అంటారు, చిన్నప్పుడు ఆ మాట వింటే నాటకాల స్టేజి అనుకునేవాణ్ణి. హోటల్ సూలే పగోడాకి దగ్గర్లోనే. అక్కడి నుంచి శ్వేడగాన్ పగోడాకి (ఊళ్ళో పెద్ద బంగారు బౌద్ధ స్తూపం) మ్యాప్‌లో దాదాపు 3 కిలోమీటర్లు చూపిస్తోంది. నడవడమా, టాక్సీ ఎక్కేయడమా? అమ్మకి 61, మోకాళ్ళు అంతంత మాత్రం, అయినా గుడి అంటే చాలు నడుస్తుంది (పోయినేడు సింహాచలం గిరిప్రదక్షిణ సగం దాకా చేసి మమ్మల్నందరినీ హడలగొట్టింది). దారిలో చూడ్డానికి ఏమైనా ఉందా, లేక ఉత్త ట్రాఫిక్కేనా?

పిల్లర్_నంబర్_143:
బ్రో, టాక్సీ ఎక్కు. నేను 2019లో వెళ్ళాను, నీలాగే మ్యాప్ చూసి మూడు కిలోమీటర్లే కదా అని మధ్యాహ్నం బయల్దేరాను. ఫుట్‌పాత్ అంటే మురిక్కాలవ మీద పరిచిన పలకలు, నాలుగడుగులకో పలక ఉండదు, ఉన్నచోట బుల్లి ప్లాస్టిక్ స్టూళ్ళు వేసుకుని జనం టీ తాగుతుంటారు. ఇంకోటి, అక్కడ బళ్ళు కుడిపక్కన నడుస్తాయి. 1970లో ఎడమ నుంచి కుడికి మార్చేశారట. కానీ చాలా కార్లకి స్టీరింగ్ కూడా కుడివైపే, జపాన్ నుంచి తెచ్చిన పాత బళ్ళు. మనం రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా ముందు కుడికి చూస్తాం, బస్సేమో ఎడమ నుంచి వస్తుంది. రెండుసార్లు బతికిపోయాను. ఒక్క సుఖం ఏంటంటే సిటీలో బైకులు నిషేధం, ఆ గోల లేదు. రైలు పట్టాలు దాటాక నాకైతే చెప్పుకోదగ్గదేమీ కనపడలేదు.

కాకినాడ_రేవు:
పై తమ్ముడు ఎండలో తిన్నగా రోడ్డు పట్టుకుని పోయాడు, అందుకే అలా అనిపించింది. నేను అక్కడ రెండేళ్ళు ఉద్యోగం చేశాను. నా మాట విని నడవండి, కాకపోతే మధ్యాహ్నం మూడున్నర దాటాక మొదలుపెట్టండి, దారి కొంచెం వంకర తిప్పండి.

అసలు ఈ రెండు గుళ్ళకీ మధ్య నడక ఎందుకో ముందు తెలియాలి. శ్వేడగాన్‌లో బుద్ధుడి ఎనిమిది కేశాలు ఉన్నాయని వాళ్ళ నమ్మకం. అవి తెచ్చినప్పుడు ఏ కొండ మీద ప్రతిష్ఠించాలో రాజుకి తెలియలేదట, దేవేంద్రుడికీ తెలియలేదట. తెలిసినవాడు ఒక్కడే, సూలే అనే ముసలి భూతం. ఎంత ముసలివాడంటే కనురెప్పలు వాటంతట అవి లేవవు, చెట్టు మానులు ఆనించి పైకెత్తితే గానీ కళ్ళు తెరవలేడు. ఆయన చెప్పిన కొండ మీదే శ్వేడగాన్ కట్టారని కథ. సూలే పగోడాలోకి వెళ్తే ఆయన బొమ్మ ఉంటుంది, చెయ్యి చాపి శ్వేడగాన్ వైపు వేలు చూపిస్తూ. మీ నడక అక్కడ మొదలుపెట్టండి. ఆ వేలు చూపించిన వైపే పోతున్నాం అని అమ్మగారికి చెప్పండి, మోకాళ్ళ సంగతి ఆవిడే మర్చిపోతారు.

సూలే ట్రాఫిక్ మధ్యలో ఉంటుంది, ఎనిమిది పలకల కట్టడం, చుట్టూ రోడ్డు, కింద అరుగు చుట్టూ జాతకాలు చెప్పేవాళ్ళ కొట్లు, చిల్లర కొట్లు. ఊళ్ళో నుంచి దూరాలు లెక్కపెట్టేది కూడా అక్కడి నుంచే. అక్కడ ఒకాయన నవ్వుతూ వచ్చి దండ చేతిలో పెట్టి, దీపం వెలిగించి, ఊరంతా నాకు చుట్టం అన్నట్టు మాట్లాడి చివర్లో డాలర్లు అడిగాడు, నేను మొహమాటానికి పోయి ఇచ్చాను. మీరు పోవద్దు.

అక్కడి నుంచి అనవ్‌రఠా రోడ్డు మీద పడమటికి తిరగండి. కాసేపటికి రంగూన్‌లో ఉన్నారో పాత మద్రాసులో ఉన్నారో తెలీదు. 26, 27 వీధుల దగ్గర శ్రీకాళి గుడి ఉంది, తమిళులు 1871లో కట్టింది, గోపురం నిండా రంగు బొమ్మలు. దగ్గర్లోనే 26వ వీధిలో యూదుల గుడి, ఇంకొంచెం అవతల మసీదు. ఆ వీధుల్లో సమోసా ముక్కలు చేసి క్యాబేజీ, ఉల్లిపాయ, పుదీనా, పల్చటి పులుసు పోసి కలిపి ఇస్తారు, కత్తెరతో టకటకా కత్తిరిస్తుంటే చూడాలి. అమ్మగారు బయట తినరంటే వద్దు గానీ మీరు మాత్రం వదలకండి. తర్వాత తైంజీ బజారు పక్కన శ్వేడగాన్ పగోడా రోడ్డు తగులుతుంది, ఇక ఉత్తరానికి తిన్నగా. రైలు వంతెన, ఎర్ర ఇటుకల చర్చి దాటాక రోడ్డు కొంచెం బోరు కొట్టే మాట నిజమే, అక్కడ మాత్రం తమ్ముడితో ఒప్పుకుంటాను. కానీ ఆ బోరు మధ్యలో చెట్ల పైనుంచి ఒక్కసారిగా బంగారు శిఖరం కనిపిస్తుంది, టాక్సీలో తల వంచి ఫోన్ చూసుకునేవాడికి అది దక్కదు.

వాల్తేరు_చిన్నోడు:
అన్నా, థాంక్స్. కాళి గుడి మాట వినగానే అమ్మ నడకే అని తీర్మానించేసింది. చెప్పుల సంగతేంటి? మెట్లు ఎన్నున్నాయి?

గోదారి_గట్టు:
చెప్పులు, సాక్సులు రెండూ విప్పాలి బాబూ, పైన కాదు, కింద మెట్ల దగ్గరే. ఒక సంచీ తీసుకెళ్ళి అందులో వేసుకుని వెంట ఉంచుకోండి, దిగేటప్పుడు ఇంకో ద్వారం నుంచి దిగాలనిపిస్తే ఇబ్బంది ఉండదు. మీరొచ్చేది దక్షిణ ద్వారానికి, రెండు పెద్ద సింహాలు కాపలా ఉంటాయి. అక్కడ లిఫ్ట్ ఉంది, అమ్మని లిఫ్ట్‌లో పంపండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. చీరకి ఏ ఢోకా లేదు, షార్ట్సు వేసుకుని వెళ్ళేది మగపిల్లలే.

మేం తెలివితక్కువగా ఒంటిగంటకి వెళ్ళాం. పైన అంతా పాలరాయి, పెనం మీద అట్టులా అయ్యాయి పాదాలు, నడవడానికి పరిచిన చాప మీద నుంచి మా ఆయన పక్కకి కదల్లేదు. కాబట్టి సాయంత్రమే మేలు.

అసలు సంగతి, అమ్మ ఏ వారం పుట్టిందో కనుక్కుని వెళ్ళండి. స్తూపం చుట్టూ ఎనిమిది మూలలా వారానికో బుద్ధుడు, ఆ వారానికో జంతువు. ఏడు వారాలకి ఎనిమిదెలా అంటే బుధవారాన్ని రెండు చేశారు, పొద్దున్న పుడితే దంతాలున్న ఏనుగు, మధ్యాహ్నం తర్వాతైతే దంతాల్లేని ఏనుగు, ఆ రెండోది రాహువుది. ఆదివారం గరుడుడు, సోమవారం పులి, మంగళవారం సింహం, గురువారం ఎలుక, శుక్రవారం గినీ పిగ్, శనివారం నాగు. మన వారం దగ్గర చిన్న గిన్నెతో బుద్ధుడికి నీళ్ళు పోస్తారు. నవగ్రహాల చుట్టూ తిరిగిన వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, మా అత్తగారు వెళ్ళీ వెళ్ళగానే లైన్లో నిలబడిపోయారు.

చీకటి పడ్డాక లేవకండి వెంటనే. 99 మీటర్ల స్తూపం కొనన 76 క్యారెట్ల వజ్రం ఉంది. కింద ఒక చోట జనం గుంపుగా మెడలెత్తి నిలబడి ఉంటారు, మీరూ అక్కడ నిలబడి ఒక్కో అడుగు పక్కకి జరుగుతూ చూడండి, ఆకుపచ్చగా మెరిసిన చుక్క ఎర్రగా, ఇంకో అడుగుకి నారింజ రంగులోకి మారిపోతుంది. తిరుగు ప్రయాణం మాత్రం టాక్సీలోనే.

బర్మాక్యాంపు_మనవడు:
చిన్నోడు గారూ, మాది కూడా వైజాగే, బర్మా క్యాంపు. 1964లో అక్కడి ప్రభుత్వం కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశాక మా తాత ఓడెక్కి వచ్చేశాడు. కాళి గుడి తమిళులదని రాశారు, నిజమే, కానీ ఆ ఊరి రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా మనవాళ్ళు. కోరంగి రేవు నుంచి పోయారని మనవాళ్ళందరికీ కోరంగీలని పేరు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది మేలో తెలుగు కూలీలు సమ్మె చేస్తే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నాయి, సమ్మె అయ్యాక వాళ్ళని తీసేసి మళ్ళీ మనవాళ్ళని పిలిచాయి, దాంతో ఊళ్ళో కొట్లాటలు రేగి చాలామంది చచ్చిపోయారు. మీ అమ్మమ్మగారింట్లో ఈ మాట వచ్చిందో లేదో అడిగి చూడండి. మా ఇంట్లో తాత రేవు గురించి చెప్తూ చెప్తూ అక్కడికొచ్చేసరికి ఆపేసేవాడు.

ఇంకో మాట. మీరు నడిచే దారి ఉత్త టూరిస్టు దారి కాదు. 2007 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా భిక్షువులు ఊరేగింపుగా నడిచింది శ్వేడగాన్ నుంచి సూలేకే. 2021లో సైన్యం అధికారం తీసుకున్నాక కూడా జనం సూలే దగ్గరే పోగయ్యారు. అందుకని సూలే పక్కనున్న సిటీ హాలు చుట్టుపక్కల సైనికులు, పోలీసులు, బారికేడ్లు కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టేయండి, ఎవరితోనూ రాజకీయాలు మాట్లాడకండి. బయల్దేరే ముందు మన ఎంబసీ సూచనలు ఒకసారి చూసుకోండి, పరిస్థితి బాగోలేదంటే ట్రిప్పుకి అమ్మని తీసుకెళ్ళడమే మానుకోండి.

టైముంటే శ్వేడగాన్‌కి దగ్గర్లోనే చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ సమాధి ఉంది. 1862లో పోతే ఆనవాలు తెలియకుండా పూడ్చేశారు, 1991లో కాలవ తవ్వుతుంటే అసలు సమాధి బయటపడింది. పది నిమిషాలు చాలు.

పిల్లర్_నంబర్_143:
సరే బాబోయ్, ఒప్పుకున్నాను. రోడ్డు దాటేటప్పుడు ఎడమకి చూడు, అది మాత్రం మర్చిపోకు.

వాల్తేరు_చిన్నోడు:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. 1930 సంగతి వినగానే, "మా అమ్మ చెప్పేది, రెండు రోజులు బియ్యం గిడ్డంగిలో దాక్కున్నారట వాళ్ళ నాన్న వాళ్ళు" అంది. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారీ అనలేదు. పుట్టిన వారం అడిగితే గురువారం, ఎలుక అని చెప్పేసరికి మూతి ముడుచుకుని మీ నాన్నది చూడు అంటోంది. నాన్న శుక్రవారం. గినీ పిగ్‌ని తెలుగులో ఏమంటారో ఎవరైనా త్వరగా చెప్పండి, ఇక్కడ ఆయన అడుగుతున్నారు.