అప్‌డేట్: రెండో బ్యాటరీ ఇప్పుడు పూర్తిగా నిండుతోంది

ఆఫ్‌రోడ్ బండిలో ఫ్రిజ్ కోసం పెట్టిన రెండో బ్యాటరీ (ఏజీఎం, అంటే సీల్ చేసిన లెడ్-యాసిడ్ రకం) ఎంత దూరం నడిపినా నిండట్లేదని ఇదివరకు అడిగాను కదా, సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మీలో ఒకరు చెప్పినట్టు ఇంజిన్ ఆన్‌లో ఉండగా మెయిన్ బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టి చూశాను. స్టార్ట్ చేయగానే 14.4 వోల్టులు. కాసేపటికి మీటరు మెల్లగా దిగుతూ 12.6 దగ్గర ఆగింది. అంటే నా బండిలో ఉన్నది (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే) ఆల్టర్నేటర్‌లో స్మార్ట్ రకం. మెయిన్ బ్యాటరీ నిండాక ఇంధనం ఆదా కోసం వోల్టేజ్ తగ్గించేస్తుంది. రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్, అంటే నా ఐసొలేటర్ రిలే ఏమో 13.3 వోల్టుల దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోయే రకం. ఇక రెండో బ్యాటరీకి కరెంట్ ఎలా అందుతుంది?

రిలే తీసేసి 25 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాను. లోపలికి వచ్చే వోల్టేజ్ తక్కువున్నా, ఏజీఎంకి కావాల్సినంతకి అదే పెంచి ఇస్తుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉందని ఛార్జర్‌కి చెప్పే సిగ్నల్ వైరు మాత్రం తప్పకుండా కలపాలి. అది లేకపోతే వోల్టేజ్ తగ్గగానే ఇంజిన్ ఆగిందనుకుని ఛార్జర్ కూడా ఆగిపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఫ్యూజులు. బ్యాటరీని వెనక పెట్టాను కాబట్టి ప్లస్ వైరు బండి పొడవునా వెళ్తుంది. ఛార్జర్‌కి ఏ వైపున బాడీకి ఒరుసుకుని షార్ట్ అయినా, ఆ వైపు బ్యాటరీ నుంచి కరెంట్ దూకుతుంది. అందుకే రెండు ప్లస్ టెర్మినల్స్ దగ్గరా ఒక్కో ఫ్యూజ్ వేయించాను.

ఇప్పుడు ఫ్రిజ్ రాత్రంతా నడిచినా టెన్షన్ లేదు. లిథియం బ్యాటరీకి మారమన్నవాళ్లకు: ఈ బ్యాటరీ పనికొచ్చినంత కాలం ఇదే. తర్వాత మారినా, ఛార్జర్‌లో ప్రొఫైల్ (బ్యాటరీ రకం సెట్టింగ్) మారిస్తే సరిపోతుంది.