నేల లేని కడలి గ్రహంలో భూమి నాచును చల్లవచ్చునా?

తీరవాసి:
ఈ చర్చ కోసం మనం ఊహిస్తున్న మానవ వలసను ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి గ్రహం మీద నిలుపుదాం. అది సుమారు 49 కాంతి సంవత్సరాల దూరంలో ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం, అంటే సూర్యుడి కన్నా చిన్నదీ చల్లనిదీ అయిన ఎర్రటి నక్షత్రం, చుట్టూ తిరుగుతోంది. దాని ద్రవ్యరాశి భూమికి 5.6 రెట్లు, వ్యాసార్ధం 1.7 రెట్లు, ఆ ద్రవ్యరాశిలో 10 నుంచి 20 శాతం దాకా నీరే అయివుండవచ్చని ఒక అంచనా. ఆ అంచనాయే నిజమై, తేలే వేదికల మీద కొన్ని వేలమంది స్థిరపడ్డారనుకుంటే, వారు తరతరాలుగా మూసిన గదుల్లోనే ఊపిరి పీల్చుకోవాలా? భూమి వాతావరణాన్ని ప్రాణవాయువుతో నింపడం మొదలుపెట్టినవి సయనోబాక్టీరియాలే, అంటే నీలి ఆకుపచ్చ నాచు అని పిలిచే సూక్ష్మజీవులే. వాటిని, వాటికి కావలసిన ఇనుముతో సహా, అక్కడి సముద్రంలో చల్లడం వలసదారుల హక్కు మాత్రమే కాదు, పుట్టబోయే పిల్లల పట్ల వారి బాధ్యత కూడా అని నా అభిప్రాయం.

అగాధం:
తీరవాసి గారూ, ఆ పిల్లల గురించిన ఆందోళన నాకూ ఉంది, కానీ మీరు వారికి ఇస్తానంటున్న గాలి వారి కాలంలో రాదు. భూమి మీద తొలినాటి ప్రాణవాయువును సముద్రంలో కరిగివున్న ఇనుము, అగ్నిపర్వతాల వాయువులు మింగేశాయి. వాతావరణంలో అది చెప్పుకోదగినంతగా మిగలడం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైతే, మనబోటి జీవులు పీల్చుకోగల స్థాయికి చేరడానికి మరో నూరు కోట్ల ఏళ్లకు పైగా పట్టింది.

ఇనుము సంగతికి వస్తే, మన దేశమే పాలుపంచుకున్న ఒక ప్రయోగం ఉంది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి, నాచు గాలిలోని కర్బనాన్ని పీల్చి లోతుకు దించుతుందేమో చూడడానికి, లోహాఫెక్స్ పేరుతో దక్షిణ మహాసముద్రంలో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణాన్ని చల్లాయి. నాచు పెరిగిన మాట వాస్తవం. అయితే ఆ నీటిలో సిలికా తక్కువ కావడంతో గాజులాంటి పెంకు కట్టుకునే డయాటములనే నాచు ఎదగలేదు. పెరిగిన మెత్తటి నాచును రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవులు ఎప్పటికప్పుడు మేసేశాయి. లోతుకు దిగిన కర్బనం చాలా స్వల్పం. ఎన్నో ఏళ్లుగా కొలుస్తూ వచ్చిన మన సముద్రమే ఇలా లెక్క తప్పిస్తే, భూమ్మీది సముద్రాలన్నింటికీ రెండు వేల రెట్లు మించిన నీటి విషయంలో ఏ ధైర్యంతో సంచి విప్పుతాం? అంత లోతున ఒత్తిడికి అడుగునీరు మంచుగా గట్టిపడి రాతికీ సముద్రానికీ మధ్య గోడ కడుతుంది కనుక, నాచు పెరగడానికి కావలసిన, ఆ రాతిలోని భాస్వరం పైకి రావడం చాలా కష్టం.

తీరవాసి:
కాలం లెక్క మీదే కావచ్చు, కానీ నా వాదన గాలితో ఆగదు. అక్కడి జనం ఏం తినాలి? జీవమే లేని నీటిని పవిత్రంగా కాపాడుతూ మనుషులను అర్ధాకలితో ఉంచడం నాకు న్యాయంగా తోచదు.

వేగుచుక్క:
ఇద్దరూ వెలుతురు సంగతి వదిలేశారు. ఎర్ర మరుగుజ్జు కాంతిలో అధికభాగం ఎరుపు, పరారుణ కిరణాలే, నీరు మొదట పీల్చేసేది కూడా వాటినే. మన సముద్రంలోనే ఇరవై మీటర్ల లోతున ఈతగాడి వేలు తెగితే, ఎరుపు అంతవరకూ దిగదు కాబట్టి, రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందువల్ల ఆ గ్రహం మీద పంట పండితే పై కొద్ది మీటర్లలోనే పండాలి. గ్రహం ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపుతూ తిరుగుతుంటే, సగం సముద్రానికి ఆ వెలుగూ ఉండదు.

అగాధం:
వేగుచుక్క గారు చెప్పినదాన్ని బట్టి ఆహారానికి సముద్రమంతా అక్కరలేదు. వేదికల మీదే లోతు తక్కువ తొట్లు కట్టి, దీపాలు పెట్టి, ఒక్క చుక్క బయటికి పోకుండా నాచును పెంచుకోవచ్చు. ఇక తీరవాసి గారూ, జీవమే లేదని ఎవరు తేల్చారు? గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మంచు కింద ఏదైనా జీవం ఉండవచ్చునన్న అనుమానంతో, దానికి భూమి సూక్ష్మజీవులు సోకకూడదనే 2003లో గెలీలియో వ్యోమనౌకను గురుగ్రహంలో కూల్చారు. ఎన్‌సెలడస్ వంటి ఉపగ్రహాలను కాపాడేందుకు 2017లో కసీనీని శనిలోకి పంపారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క కొల్లేరును ఎలా కమ్మేసిందో మనకు తెలుసు. దాన్ని పీకడానికి కనీసం ఒక ఒడ్డు ఉంది. ఆ గ్రహంలో ఒడ్డన్నదే ఉండదు. ఏయే లోతుల్లో, ఎంతకాలం, ఏ పరీక్షలతో వెదికిన తర్వాత ఒక సముద్రాన్ని ఖాళీ అని ఒప్పుకోవాలో మీరొక ప్రమాణం ప్రతిపాదించండి. దాని మీద వాదించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.