బెర్గెన్‌లో పెద్దవాళ్లతో రెండు రోజులు: ఫ్లోమ్ దాకా వెళ్లాలా, దగ్గర్లో బోటు చాలా?

హాంబర్గ్‌తెలుగోడు:
జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని నార్వేలోని బెర్గెన్ వెళ్తున్నాం. చేతిలో రెండు రోజులే. ఒకటి ఫుల్‌డే ట్రిప్, రెండోరోజు హాఫ్‌డే ఏదైనా చేసి మిగతా పూట ఊరు చూద్దామని ప్లాన్. అందరూ 'నార్వే ఇన్ ఎ నట్‌షెల్' (ఫ్లోమ్ ఊరి మీదుగా తిప్పే టూర్ ప్యాకేజీ) అంటున్నారు కానీ అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నేమో ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చూడకుండా వెనక్కి వచ్చే ప్రసక్తే లేదంటున్నారు. రైలు, బస్సు, బోటు, మళ్లీ రైలు... తట్టుకుంటారా? పైగా ఇద్దరూ శాకాహారులు, అదో టెన్షన్.

పడమటిగాలి:
ఇక్కడే ఉంటాను కాబట్టి చెప్తున్నా, నడక పెద్దగా ఉండదండి. పొద్దున బెర్గెన్‌లో రైలెక్కితే గంటంపావులో వోస్, అక్కణ్నుంచి బస్సులో గుడ్వాంగెన్, తర్వాత రెండు గంటలు బోటు. ఆ బోటు వెళ్లే నారోయ్‌ఫ్యోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పే, రెండువైపులా కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి, బ్యాటరీతో నడిచే బోటైతే రొద లేక పైనుంచి పడే నీళ్ల చప్పుడు కూడా వినిపిస్తుంది. అమ్మగారు లోపల అద్దాల పక్కన కూర్చునే అంతా చూడొచ్చు. ఫ్లోమ్‌లో దిగాక మిర్దాల్‌కు కొండ రైలు, 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా ఎక్కుతుంది. మధ్యలో చోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఆపుతారు, వేసవిలో అక్కడ రాళ్ల మీద ఒకామె హుల్డ్రా వేషంలో పాటకు ఆడుతుంది (హుల్డ్రా అంటే మన మోహినిలాంటిదే). తుంపర ప్లాట్‌ఫాం దాకా కొడుతుంది, ఫోన్ జాగ్రత్త. మిర్దాల్ నుంచి ఇంకో రెండు గంటల్లో బెర్గెన్.

ఇంకోమాట, ప్యాకేజీ అన్నారు కదా అని వెంట గైడ్ ఎవరూ రారు, టికెట్లన్నీ కలిపి ఇస్తారు, అంతే. విడిగా కొనుక్కోవచ్చు, కానీ జూన్‌లో ఫ్లోమ్ రైలు ముందే నిండిపోతుంది.

సీతమ్మగారబ్బాయి:
నడక లేదు సరే, మొత్తం పదకొండు పన్నెండు గంటల రోజు బ్రదర్, ప్రతి మార్పు దగ్గరా క్యూ, అదీ క్రూయిజ్ షిప్ వచ్చిన రోజైతే ఫ్లోమ్‌లో కూర్చోడానికి బెంచీ దొరకదు. మోకాళ్లకు నడక కంటే నిలబడటమే కష్టం. మా అమ్మతో వెళ్లినప్పుడు మోస్ట్రౌమెన్ అనే ఇరుకు జలసంధి దాకా తిప్పే బోటుతో సరిపెట్టాం. చేపల మార్కెట్ పక్క రేవులో ఎక్కితే మూడున్నర గంటల్లో మళ్లీ అక్కడే దించుతారు. జలపాతం కిందికి బోటును ఆనించి బకెట్‌తో నీళ్లు పట్టి అందరికీ గ్లాసుల్లో పోశారు, అమ్మ ఇప్పటికీ ఆ చల్లదనం గురించే చెప్తుంది. నారోయ్‌ఫ్యోర్డ్ అంత గొప్పగా ఉండదు, అది వేరే లెవెల్, ఒప్పుకుంటా.

కూరలసంచి:
రెండూ చేయండి, ఫ్లోమ్ మొదటిరోజు, బోటు రెండోరోజు. బెర్గెన్‌లో ఏడాదికి 200 రోజులకు పైగా వానే, సగం రోజు బోటు టికెట్ మాత్రం ముందురాత్రి యర్ యాప్‌లో వాతావరణం చూసి కొనండి, దొరక్కపోతే ఫ్లోయెన్ కొండ ఉండనే ఉంది. 1918 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు, కొద్ది నిమిషాల్లోనే 320 మీటర్ల పైన దించుతుంది, అక్కడ మెడలో జీపీఎస్ పట్టీలతో మేకలు తిరుగుతుంటాయి, పెద్దవాళ్లకు భలే కాలక్షేపం. తిండికి పులిహోర కట్టుకుపోండి, ఫ్లోమ్‌లో ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది.

హాంబర్గ్‌తెలుగోడు:
నాన్నకు కొండ రైలు వీడియో చూపించా, ఇక చర్చ లేదు. టికెట్లు ఇవాళే తీసుకుంటా. హోటల్ స్టేషన్ దగ్గరా, బ్రిగ్గెన్ (రేవు పక్క పాత చెక్క ఇళ్ల వరస) దగ్గరా?

పడమటిగాలి:
స్టేషన్ వైపే తీసుకోండి. ఎయిర్‌పోర్ట్ ట్రామ్ అక్కడే ఆగుతుంది, పొద్దున్నే రైలుకు పరుగులుండవు, రేవుకు పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే చాలు. బ్రిగ్గెన్ వెనక కొండవాలు వీధుల్లో ఇళ్లు ఫోటోల్లో బాగుంటాయి కానీ అక్కడ బస వద్దు, రాళ్లు పరిచిన ఎత్తుదారులు, తడిస్తే జారతాయి. గొడుగులు కాదు, టోపీ ఉన్న రెయిన్‌కోట్లు తెచ్చుకోండి.