పాత 240జెడ్‌కు పవర్ స్టీరింగ్: పెట్టించాలా, వద్దా?

జెడ్72_డల్లాస్:
అందరికీ నమస్కారం. నాది 1972 డాట్సన్ 240జెడ్ స్పోర్ట్స్ కారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 4.5 అంగుళాల రిమ్ములు, 175 టైర్లు. ఇప్పుడు 8 అంగుళాల రిమ్ములు, 225/50 ఆర్15 టైర్లు, ముందు చక్రాలను బయటికి జరిపే 20 మి.మీ. స్పేసర్లు. బండి కదిలిందంటే ఏ ఇబ్బందీ లేదు, పార్కింగ్‌లోనే ప్రాణం పోతోంది. నాకు 54 ఏళ్లు, ఏడాదిగా కుడి భుజం పట్టేసింది. మొన్న గుడి దగ్గర రెండు బళ్ల మధ్య పెట్టబోయి సగంలో ఆగిపోయాను, మా అబ్బాయి వచ్చి కూర్చుని తిప్పాల్సి వచ్చింది. స్టీరింగ్ కాలమ్‌లో (స్టీరింగ్ వీల్ కింది గొట్టంలో) ఇమిడే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కిట్ పెట్టిద్దామని ఉంది. ఏమంటారు?

పాతఇనుము:
వద్దన్నా. వెయ్యి కిలోలు దాటి కాస్త ఉండే బండి, దానికి మోటారెందుకు? మలుపులో టైరు పట్టు పూర్తిగా వదలకముందే స్టీరింగ్ చేతిలో తేలికవుతుంది. చక్రాన్ని తిరిగి నిటారుకు లాగే బలం పట్టు కంటే ముందే తగ్గడం మొదలవుతుంది, అందుకే ఆ తేడా. పాత జెడ్ నడిపేవాడికి అంతకు మించిన హెచ్చరిక ఉండదు. మోటారు మధ్యలో దూరితే ఆ కబురు సగమే చేతికి అందుతుంది. నేను 20 ఏళ్లుగా ఆ కబురును నమ్ముకునే నడుపుతున్నా.

ఇరుసు_బావ:
భుజం పట్టేసినవాడికి మలుపులో కబుర్లు చెబితే ఎలా తమ్ముడూ? పోర్షే 911 అంటే స్టీరింగ్ ఫీల్‌కి పెట్టింది పేరు, ఇంజన్ వెనక ఉండటంతో ముందు బరువూ తక్కువే. దానికి కూడా 1989లో వచ్చిన 964 నుంచి పోర్షేనే పవర్ స్టీరింగ్ ఇచ్చింది. నా జెడ్‌కు రెండేళ్ల కిందట సాటర్న్ వ్యూ అనే కారులో వచ్చే కాలమ్ మోటారు ఎక్కించాను. కారు కంప్యూటర్ సిగ్నల్ అందకపోయినా అది ఒకే స్థాయిలో సాయం చేస్తుంది. విడిగా కంట్రోలర్ పెట్టి, నాబ్‌తో తగ్గించుకోవచ్చు. ఊళ్లో సగానికి పెడతా, హైవే ఎక్కేముందు దాదాపు సున్నాకు తెస్తా.

రెండు సంగతులు మాత్రం చెప్పాలి. గట్టిగా తిప్పినప్పుడు 30, 40 ఆంపియర్లు లాగేస్తుంది, పాత ఆల్టర్నేటర్ మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది ఇంకా ముఖ్యం. స్టీరింగ్ షాఫ్ట్ కోసి అతకాలి. నాకు మొదట చేసిన షాపువాడు పైపైన వెల్డింగ్ పెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే అతుకు అంచున వెంట్రుకంత పగులు. బండి అక్కడే ఆపేశాను. స్ప్లైన్లు (ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లు) ఉన్న జాయింట్లతో మళ్లీ కట్టించాకే రోడ్డెక్కింది. గుద్దుకున్నప్పుడు కాలమ్ ముడుచుకునే ఏర్పాటు కూడా పోకుండా చూసుకోండి.

అలైన్‌మెంట్_అక్క:
అన్నయ్యగారూ, మోటారు సంగతి తర్వాత, ముందు స్పేసర్లు ఎందుకు పెట్టారో చెప్పండి. చక్రం బయటికి జరిగిన కొద్దీ అది పక్కకు తిరిగే ఇరుసు నుంచి నేలమీది టైరు దూరమవుతుంది. గుంట తగిలినా, బ్రేకు వేసినా ఆ దెబ్బంతా చేతికే వస్తుంది. స్టీరింగ్ వీల్ మార్చారా? అసలుది దాదాపు 400 మి.మీ., ఇప్పుడందరూ 350 వేస్తున్నారు. దాంతోనే ఏడో వంతు బలం ఎక్కువ పెట్టాలి. క్యాస్టర్ (ఆ ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఎంతుంది? అది పెరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. కంపెనీ లెక్క 3 డిగ్రీలకు దగ్గర, ఆ కోణాన్ని నిలిపే టెన్షన్ రాడ్లు మార్చినవాళ్లు 6 దాకా లాగేస్తారు. రాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) దగ్గరి రబ్బరు కప్లింగ్ కూడా చూడండి. ఇవి సరిచేయకుండా మోటారు పెడితే తప్పు అలాగే ఉంటుంది, మీకు తెలియదంతే.

పాతఇనుము:
అక్క మాటే నాదీ. భుజం విషయం నేను సరిగ్గా పట్టించుకోలేదు, మన్నించండి అన్నా.

జెడ్72_డల్లాస్:
అక్కా, మీరన్నవన్నీ నా బండిలో ఉన్నాయి. స్పేసర్లు ఫెండర్ నిండుగా కనపడాలని పెట్టించినవే. స్టీరింగ్ 350, క్యాస్టర్ ఐదున్నర. ఈ శనివారం గ్యారేజీ గచ్చు మీద బండి ఆపి, స్టీరింగ్ అంచుకు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాను. తిరగడం మొదలయ్యేసరికి 12 కిలోలు. స్పేసర్లు తీశాను, చక్రానికీ స్ట్రట్‌కీ (సస్పెన్షన్ స్తంభం) మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. స్నేహితుడి 380 వీల్ బిగించి, టైర్లలో గాలి 26 నుంచి 32 పీఎస్‌ఐకి పెంచి మళ్లీ లాగితే 9. క్యాస్టర్ వచ్చే వారం తగ్గిస్తాను.

ఎడమ చేత్తో తొమ్మిది లాగగలను. కుడి చేత్తో ఆరు దాటితే నొప్పి. కాబట్టి ఇరుసు బావగారూ, ఆ స్ప్లైన్ జాయింట్ల కొలతలు పంపండి. నాబ్ మాత్రం పావు దాటనివ్వను.