వాన పడ్డ మర్నాడు చెరువులో చేపలు పోయాయి, ఒంటి మీద పుండ్లెందుకు?

గట్టునడక: బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఉంటాం. ఇంటి వెనక చెరువు గట్టు మీద రోజూ నడుస్తాను. మొన్న రాత్రి ఈ ఎండాకాలం మొదటి వాన పడింది. తెల్లారి చూస్తే ఒడ్డు పొడుగునా జిలేబి చేపలు వెల్లకిలా తేలున్నాయి. ఆక్సిజన్ అందక పోయాయంటున్నారు అందరూ. కర్రతో రెండింటిని లాగి చూస్తే తోక దగ్గర పొలుసులూడి రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండ్లు. ఒక్క రాత్రిలో అంత పుండు పడుతుందా? కొందరు బతికున్నవాటిని వలేసి పట్టుకెళ్తున్నారు. తినొచ్చా?

కైకలూరు_అబ్బాయి: పడదండీ. మాది కైకలూరు, నాన్నగారివి చేపల చెరువులు. నేనిక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా చదివింది మత్స్యశాస్త్రమే.

వాన చేసింది చివరి పని. కాలవల్లో మురుగంతా ఒక్కసారి దిగింది, అడుగు బురద కలగబడింది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి తెల్లవారుజామున బాగా పడిపోతుంది. లీటరు నీళ్ళలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకి హాయి. జిలేబి చాలా తక్కువలోనూ బతికే మొండి చేప. అదే పోయిందంటే ఆలోచించండి.

పుండ్ల సంగతి అంతకు చాలా ముందే మొదలై ఉంటుంది. చేపని పట్టుకుంటే చేతికి అంటుకునే జిగురే దానికి కవచం. బ్యాక్టీరియాని చంపే లైసోజైమ్, యాంటీబాడీలు అందులోనే ఉంటాయి. మన బట్టల సబ్బు నీళ్ళు ఆ జిగురుని కడిగేస్తాయి. మురుగులోంచి వచ్చే అమ్మోనియా మొప్పల్ని దెబ్బతీస్తుంది, మధ్యాహ్నం నాచు వల్ల నీళ్ళ క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దాటితే ఆ విషం ఇంకా పెరుగుతుంది. పైగా చేపకి ఎముక మజ్జ ఉండదు, రోగంతో పోరాడే రక్తకణాలు తయారయ్యేది కిడ్నీ ముందు భాగంలో. కాడ్మియం అనే విషలోహం పేరుకునేదీ కిడ్నీలోనే. ఇన్ని దెబ్బలు తిన్నాక, మామూలు నీళ్ళలోనూ ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా చాలు పుండు పడ్డానికి.

అప్పుడే చచ్చిన చేప దొరికితే గ్లౌజు వేసుకుని మొప్ప ఎత్తి చూడండి. ఎరుపు పోయి గోధుమరంగుంటే అమ్మోనియా నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం మీద అనుమానపడాలి.

తినొద్దు, దయచేసి. సీసం, కాడ్మియం ఎంత ఉడికించినా పోవు.

అలసూరు_పాతకాపు: 2016 మార్చిలో అలసూరు చెరువులోనూ వేల చేపలు ఇలాగే తేలాయి. మీరు ఫిర్యాదు ఇస్తే నీళ్ళు తెల్లారి ఐదున్నరకే, అక్కడే మీటరు పెట్టి కొలవమని పట్టుబట్టండి. పదకొండింటికి వచ్చి కొలిస్తే ఎండకి నాచు ఆక్సిజన్ వదిలి, నీళ్ళు బాగున్నట్టే కనిపిస్తాయి.

గట్టునడక: ఇందాకే వెళ్ళొచ్చాను. మొప్ప కాఫీ డికాక్షన్ రంగులో ఉందండీ. వలేసే ఆయనకి చూపిస్తే తన బుట్టలోవీ ఎత్తి చూసుకున్నాడు. మూడు చేపలకి అలాగే ఉంది. బుట్ట అక్కడే దింపేసి చాలాసేపు కూర్చుండిపోయాడు.